నాలుగో పేరు

గత నెలలో ఒక బుధవారం మా మేనల్లుణ్ణి బస్తీలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాను. వాడికి 5 ఏళ్ళు నిండాయి కనుక డీపీటీ రెండో బూస్టరు వేయించాలని ఏఎన్ఎం రెండుసార్లు ఇంటికి వచ్చి గుర్తుచేసి వెళ్ళింది. వాడి తల్లి, అంటే మా మరదలు, ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. వారం మధ్యలో సెలవు దొరకదు కనుక ఆ పని నాకు అప్పగించి, టీకాల కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి వాడి చేతికే ఇచ్చి పంపింది. వాడు దారి పొడుగునా దానిని రెండు చేతులతో పట్టుకుని నడిచాడు.

సూది అందుకునే ముందు ఏఎన్ఎం బల్లమీది సీసా నొక్కి అరచేతులకు శానిటైజర్ రాసుకుంది. ఆ ఘాటు వాసన ముక్కుకు సోకగానే నా కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమ భుజాన్ని పట్టుకుంది. ఆ తరువాత ఆమె చెప్పిన మాట కూడా నేను ఒకప్పుడు విన్నదే. "అరగంట సేపు ఇక్కడనే కూసోని పోండమ్మా" అన్నది. పిల్లవాడు రెండు కన్నీటి బొట్లు రాల్చి, ఊరుకుని, బెంచీ మీద నా పక్కన సర్దుకుని కూర్చున్నాడు. ఆ అరగంటలో వాడితో ఏమి మాట్లాడానో నాకు గుర్తులేదు. వాడికి ఏడాదిన్నర వయసున్నప్పటి ఒక కమ్యూనిటీ హాలు, అందులో ఎడంఎడంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో కూర్చున్న మేము ముగ్గురం నా కళ్ళముందు కదులుతూ ఉన్నాము.

*

2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలైన కోవిడ్ టీకా మార్చి 1న 60 ఏళ్ళు దాటినవారికి, ఏప్రిల్ 1న 45 ఏళ్ళు దాటినవారందరికీ అందుబాటులోకి వచ్చింది. మా చిన్నమ్మా చిన్నాయనా ఏప్రిల్‌లోనే వెళ్ళి మొదటి డోసు వేయించుకున్నారు. వారిని తన ఆటోలో ఎక్కించుకుని వెళ్ళి, వరుసలో నిలబెట్టి, మళ్ళీ ఇంటికి చేర్చినవాడు వారి కొడుకే. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు కనుక చిన్ననాటి నుండి వాడే నాకు తమ్ముడు. అప్పటికి వాడికి 27 ఏళ్ళు. టీకాకు వయసు చాలదు కనుక, అమ్మా నాన్నా లోపల ఉన్నంతసేపూ బయట వేపచెట్టు నీడలో ఆటోలోనే కూర్చున్నాడట.

వాడు ఉప్పల్ నుండి సికింద్రాబాద్ దాకా ఆటో నడిపేవాడు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మందపాటి ప్లాస్టిక్ తెర కట్టించుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో ఆటో ఎక్కినవారిలో ఎందరు పనిమీద పోయేవారో, ఎందరు పరీక్షలకూ ఆసుపత్రులకూ పోయేవారో వాడికి మొహం చూడగానే తెలిసిపోయేది. "ఎక్కించుకోకుంటె ఎట్లక్కా, దగ్గుకుంట నిలబడ్డోళ్ళని ఎండల ఇడిసిపెట్టి పోతమా" అనేవాడు.

మే 1 నుండి 18 ఏళ్ళు నిండిన వారందరికీ టీకా ఇస్తారనీ, అందుకు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి అనీ ప్రకటన వచ్చింది. నమోదు ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు మొదలవుతుందన్నారు. ఆ రోజు మూడున్నరకే వాడు మా ఇంటి ముందు ఆటో ఆపాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు అవతలే నిలబడి, మాస్కు సరిచేసుకుంటూ, "నా ఫోన్ల అయితలేదక్కా, నువ్వే చేయరాదు" అన్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఫోన్‌లో చక్రం తిరుగుతూ ఉండేది, ఓటీపీ వచ్చేసరికి దాని గడువు మూడు నిమిషాలూ ముగిసేవి, మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ ఒక్కరోజే దేశమంతటా 1.3 కోట్లకు పైగా జనం పేర్లు నమోదు చేసుకున్నారని మరునాడు చదివాను. మాకు అయిదుంబావుకు తలుపు తెరుచుకుంది.

ఒక ఫోన్ నంబరు మీద నలుగురి పేర్లు ఎక్కించవచ్చు. మొదట నాది, తరువాత మా వారిది ఎక్కించాను. వాడి ఆధార్ కార్డు అడిగితే, "ముందు ఆమెది చెయ్" అని భార్య కార్డు అందించాడు. ఆమెది అయ్యాక తన నంబరును నాలుగేసి అంకెలు విడగొట్టి గేటు అవతలి నుండి చదివాడు. పుట్టిన సంవత్సరం అడిగాను, 1994 అన్నాడు. అలా నా ఫోన్‌లో వాడిది నాలుగో పేరు అయింది. ప్రతి పేరు కిందా పుట్టిన ఏడాది, గుర్తింపు కార్డు, ఆ పక్కన 'నాట్ వాక్సినేటెడ్' అనే మాట ఉండేవి. పని పూర్తయిందని చెప్పగానే వాడు ఏదో పెద్ద పరీక్ష గట్టెక్కినట్టు ఆటో హారన్‌ను రెండుసార్లు మోగించి వెళ్ళిపోయాడు.

*

టీకా అనే మాట వింటే మా ఇద్దరికీ మొదట గుర్తువచ్చేది అమ్మమ్మ చెయ్యి. సూర్యాపేట దగ్గరి మా ఊరిలో వేసవి సెలవుల రాత్రులు ఆరుబయట నులక మంచాల మీద పడుకునేవాళ్ళం. అమ్మమ్మ జాకెట్ చేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు ఉండేవి. చర్మం అక్కడ లోపలికి దిగి, నున్నగా, ముడతలుగా ఉండేది. తమ్ముడు ఆ గుంటలలో వేలు పెట్టి, "నొస్తదా" అని ప్రతి రాత్రీ అడిగేవాడు. ప్రతి రాత్రీ ఆమె అదే కథ చెప్పేది.

ఆమె చిన్నతనంలో మశూచికి టీకాలు వేసేవాళ్ళు వస్తున్నారని తెలిస్తే ఊరు ఊరంతా చేలలోకి పరుగెత్తేదట. తల్లులు పిల్లలను ధాన్యపు గాదెల వెనక దాచేవారట. అమ్మవారు పోసిందంటే వేపరెమ్మలు కట్టి, పసుపునీళ్ళు చల్లి, ముత్యాలమ్మకు మొక్కుకోవడమే వారికి తెలుసు. ఆమె వెనక పుట్టిన ఒక తమ్ముణ్ణి అలాగే పోగొట్టుకున్నారు. ఆ తరువాత టీకాలవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మ పరుగెత్తలేదు. కూతురి రెక్క పట్టుకుని తానే ముందుకు తోసింది. "అగో, గిదే గా మచ్చ" అని అమ్మమ్మ కథ ముగించేది. 1977లో మన దేశం మశూచి నుండి విముక్తి పొందిందని ప్రకటించారని నేను తరువాత పాఠ్యపుస్తకంలో చదువుకున్నాను. నాకు ఆ మచ్చలు లేవు. పుట్టగానే వేసిన బీసీజీ గుర్తు ఒక్కటే ఉంది. కోవిడ్ టీకా కోసం ఎదురుచూసిన రోజులలో అద్దం ముందు నిలబడి ఆ చిన్న గుర్తును చాలాసార్లు చూసుకున్నాను. అది ఎవరు వేయించారో, ఏ వరుసలో నిలబడి వేయించారో నాకు ఎవ్వరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

*

మే 1 వచ్చింది, పోయింది. నమోదు అయిన మాట నిజమే కాని 18 నుండి 44 ఏళ్ళ వారికి ప్రభుత్వ కేంద్రాలలో టీకా లేదు. ఉన్న నిల్వలు రెండో డోసు కావలసిన పెద్దలకే చాలడం లేదు. కొన్ని రోజులపాటు ఎవరికీ మొదటి డోసు ఇవ్వకుండా ఆపివేశారు కూడా. కోవాగ్జిన్ తయారయ్యే జీనోమ్ వ్యాలీ మా ఇంటికి గంట ప్రయాణంలో ఉంది. ఆ పక్కనుండి ఎన్నోసార్లు వెళ్ళిన తోవ అది. అంత దగ్గర తయారవుతున్న మందు దేశమంతటికీ పంచిపెట్టవలసినదేనని నాకు తెలుసు. అయినా రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు ఆ గోడల వెనక వరుసగా కదిలే సీసాలు నా కళ్ళలో మెదిలేవి.

స్లాట్ వెతకడం దినచర్య అయిపోయింది. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఒకసారి, మా బడి పిల్లలకు ఫోన్‌లో తెలుగు పాఠం చెప్పడం ముగిశాక ఒకసారి, రాత్రి పదకొండు దాటాక ఒకసారి చూసేదాన్ని. ఒకరోజు మేడ్చల్ జిల్లా, మరునాడు యాదాద్రి, ఆ మరునాడు సంగారెడ్డి. ఎరుపు రంగులో 'బుక్డ్' అనో, లేకపోతే 'ఎన్ఏ' అనో కనిపించేది. ఆకుపచ్చ అంకె ఎక్కడైనా మెరిస్తే వేలు దానిమీదికి చేరేలోపలే అది ఎర్రబడేది. మే 12 నుండి లాక్‌డౌన్ పెట్టారు. ఉదయం 6 నుండి 10 వరకే బయటికి వెళ్ళనిచ్చేవారు. పదింటికి పోలీసు వాహనం సైరన్ మోగించుకుంటూ వీధి చివరిదాకా వచ్చి వెళ్ళేది. ఆ తరువాత పక్షుల అరుపులు, దూరాన అంబులెన్సులు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

తమ్ముడికి జ్వరం మొదలైనప్పుడు ఇంటింటి జ్వర సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త మందుల సంచి ఇచ్చి వెళ్ళింది. మూడో రోజు నాకు ఫోన్ చేసి, "స్లాట్ దొరికితె నన్ను ఇప్పుడే పెట్టకక్కా, జ్వరం తగ్గినంక పోత" అన్నాడు. అది నాతో వాడు మాట్లాడిన చివరి ఫోన్ కాల్. అయిదో రోజున ఊపిరి అందలేదు. ఆటోలోనే తీసుకువెళ్ళారు; వాడి స్నేహితుడు నడిపాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాడు. ఆ నాలుగు రోజుల గురించి రాయడానికి నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

వాడు పోయిన వారంలోనే కోవిషీల్డు రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుండి 16 వారాలకు పెంచారు. చిన్నమ్మా చిన్నాయనల రెండో డోసు జులైకి వాయిదా పడింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే చిన్నమ్మ నా మొహం వంక చూసి, "నాకెందుకు బిడ్డా అది" అన్నది.

దినం ముగిసి ఇంటికి వచ్చిన రాత్రి నేను అలవాటు చొప్పున కోవిన్ తెరిచాను. ఓటీపీ కొట్టాను. నాలుగు పేర్లూ వరుసగా కనిపించాయి. నాలుగో పేరు కింద 1994, పక్కన 'నాట్ వాక్సినేటెడ్' ఎప్పటిలాగానే ఉన్నాయి. పేరు తీసివేయడానికి అక్కడ వీలుంది. మా వారు నా భుజం మీదుగా చూసి, ఏమీ అనకుండా దీపం ఆర్పి పడుకున్నారు. నేను ఆ పేరు జోలికి వెళ్ళలేదు. అప్పటి నుండి స్లాట్ వెతికిన ప్రతిసారీ వాడి పేరును దాటుకునే వెళ్ళాను. రోజుకు మూడుసార్లు, కొన్ని రోజులు అయిదుసార్లు.

*

మే చివరిలో ప్రైవేటు ఆసుపత్రులు మా వయసువారికి టీకా మొదలుపెట్టాయి. కార్లు ఉన్నవారు జిల్లా కేంద్రాలకు వెళ్ళి వేయించుకుని వచ్చారు. జూన్ 8న ప్రైవేటు ధరలకు పరిమితి విధించారు. కోవిషీల్డు 780 రూపాయలు, కోవాగ్జిన్ 1,410, స్పుత్నిక్ 1,145. క్యాలెండర్ వెనక లెక్క వేసుకున్నాను. నాకూ మా వారికీ మరదలికీ కోవిషీల్డు రెండేసి డోసులు వేయిస్తే 4,680 రూపాయలు. మార్చిలో మళ్ళీ బడులు మూతపడ్డాయి. మా యాజమాన్యం సగం జీతం కూడా ఇవ్వడం లేదు. ప్రైవేటు ఉపాధ్యాయులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు ఇచ్చిన 2,000 రూపాయలూ 25 కిలోల బియ్యమూ ఆ వేసవిలో మమ్మల్ని నిలబెట్టాయి. రేషన్ దుకాణం వరుసలో నిలబడి బియ్యం సంచి ఎత్తుకున్న రోజున నాకు సిగ్గు కలగలేదు. ఆ బియ్యంలో సగం చిన్నమ్మ ఇంటికి పంపాను. కాని 4,680 రూపాయలు ఎక్కడి నుండి తేవాలో తోచలేదు.

జనంతో ఎక్కువగా మసలే పనివారికి ముందుగా టీకా ఇవ్వాలని నిర్ణయించి, మే 28 నుండి గ్యాస్ బండలు మోసేవారికి, రేషన్ డీలర్లకు, కూరగాయలవారికి, కిరాణా దుకాణదారులకు వేయడం మొదలుపెట్టారు. అది సరైన పని. జూన్ మొదటి వారంలో నగరంలోని ఆటో, క్యాబ్ డ్రైవర్ల వంతు వచ్చింది. పత్రికలో ఒక ఫొటో వేశారు. ఖాకీ చొక్కాల వాళ్ళు లైసెన్సులు చేత పట్టుకుని, మార్కింగ్ గీతల మీద దూరదూరంగా నిలబడి ఉన్నారు. అది చిన్నమ్మ ఇంటిలో చూశాను. మరదలు వంటింట్లో ఉంది. పత్రికను నాలుగు మడతలు పెట్టి నా చేతిసంచిలో దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను. వాడు పోయి మూడు వారాలు, ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే మూడు వారాలు కూడా నిండలేదు.

*

జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తివేశారు. ఆ మరునాటి నుండి 18 ఏళ్ళు దాటినవారందరికీ కేంద్రమే టీకా ఉచితంగా సరఫరా చేయడం మొదలయింది. మా నగరంలోని ప్రభుత్వ కేంద్రాలలో జులై మొదటి వారం నుండి మా వయసువారికి స్లాట్లు కనిపించసాగాయి. ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, మా పిన్‌కోడ్ కింద ఆకుపచ్చ రంగులో 36 అన్న అంకె కనిపించింది. నా వేళ్ళు వణికాయి. ఎవరెవరికి కావాలో పేర్ల పక్కన టిక్కు పెట్టాలి. వరుసగా పెట్టుకుంటూ పోయాను. నాది, మా వారిది, మరదలిది, ఆ ఊపులోనే నాలుగోది. నాలుగు గళ్ళలోనూ గుర్తు పడ్డాక చూసుకున్నాను.

గళ్ళలో అక్షరాలు వంకరగా ఉన్న క్యాప్చా ఒకటి వచ్చేది. సమయం గడిచిపోతోంది. మా వారు పక్కనుండి, "తీసెయ్, మళ్ళీ స్లాట్లు పోతాయి" అన్నారు. నాలుగో గడిలోని గుర్తు తీసివేశాను. అది తీయడానికి ఒక్కసారి వేలు తాకిస్తే చాలు. మూడు పేర్లతో అపాయింట్‌మెంట్ ఖాయమయిందని, ఉదయం 11 నుండి ఒంటిగంట మధ్య రావాలని సందేశం వచ్చింది. నేను పెరటిలోకి వెళ్ళి, బట్టల తాడు కింద నిలబడి, చాలాసేపు ఏడ్చాను. రెండున్నర నెలలుగా ఎదురుచూసిన సందేశం అది.

మరదలిని ఒప్పించడం చిన్నమ్మ వంతు అయింది. నలభై రోజులకు పైగా ఆ పిల్ల గడప దాటలేదు. "బాబు ఉన్నడు గద. పోయి ఏపిచ్చుకో బిడ్డా" అని చిన్నమ్మే ఆమె తల దువ్వి, చీర మార్పించి పంపింది. తమ్ముడి ఆటోను అప్పటికే వాడి స్నేహితుడు అద్దెకు తీసుకుని నడుపుతున్నాడు. మమ్మల్ని ఆ ఆటోలోనే తీసుకువెళతానని అతను అడిగాడు. మరదలు తల ఊపింది. ప్లాస్టిక్ తెర అలాగే ఉంది. ఆమె పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకుని, ఆ తెర మీద ఎవరివో వేలిముద్రలను చూస్తూ దారంతా కూర్చుంది.

*

కమ్యూనిటీ హాలు ముందు షామియానా వేశారు. నేల మీద సున్నపు గుండ్రాలు గీశారు. లోపల మూడు భాగాలు ఉన్నాయి. ముందు కూర్చునే చోటు, పరదా కట్టిన టీకా గది, ఆవల అరగంట వేచి ఉండే చోటు. అందరి చేతులూ శానిటైజర్ వాసన వేస్తున్నాయి. వచ్చినవారిలో చాలామంది మా ఈడువారే. డెలివరీ సంచులు భుజాన వేసుకున్నవాళ్ళు ఇద్దరు, పెళ్ళి నగలు ఇంకా తీయని ఒక కొత్త జంట, ఫోన్‌లో ఆఫీసు మీటింగ్ వింటూ మధ్యమధ్య తన పేరు పిలిచారేమోనని తల ఎత్తి చూసే ఒక అమ్మాయి ఉన్నారు. ఎవ్వరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఎవరైనా కొంచెం దగ్గితే అందరి తలలూ అటు తిరిగేవి.

బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు ఒక కుర్ర ఆపరేటరు కూర్చున్నాడు. ఆధార్ కార్డులు చూశాడు. కోవిన్‌లో ఒక్కొక్క పేరుకూ ఉండే నాలుగంకెల రహస్య సంఖ్యలు చెప్పమన్నాడు. నా కళ్ళజోడు ఆవిరి పట్టి సరిగా కనిపించక ఫోన్ అతనికే అందించాను. అతను పేర్లు కిందికి జరుపుతూ ఒక్కొక్క సంఖ్య కొట్టుకున్నాడు. చివరికి వెళ్ళి ఆగి, "మీ నంబరు మీద నలుగురున్నరు కదమ్మా, ఈయన రాలేదా?" అని అడిగాడు.

"లేడు" అన్నాను.

ఇంట్లో లేనివాడికీ, ఇక ఎన్నటికీ రానివాడికీ మన భాషలో ఆ ఒక్క మాటే. ఏళ్ళ తరబడి పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, ఆ క్షణంలో నాకు ఇంకొక మాట దొరకలేదు. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా, "పర్వాలేదమ్మా, రేపు గాని ఎల్లుండి గాని పంపించుండ్రి. ఇప్పుడైతె స్టాకు మంచిగనే ఉన్నది" అన్నాడు. పొద్దుటి నుండి అలసిన కళ్ళతో, తన వంతు సాయం చేస్తున్నానన్న సంతోషంతో అన్నాడు. నా వెనక మరదలు పిల్లవాణ్ణి చంకన వేసుకుని నిలబడి ఉంది. ఆమెకు వినబడకూడదని కోరుకున్నాను. ఆమె ఒక అడుగు ముందుకు వచ్చి, "సరే అన్నా" అన్నది.

పరదా వెనక నర్సమ్మ పక్కన ఐస్‌ప్యాక్‌లు పెట్టిన నీలం రంగు వాక్సిన్ క్యారియర్ ఉంది. ఒక సీసాలో 10 డోసులు. మూత తీశాక నాలుగు గంటలలోపు వాడివేయాలి. అందుకని 10 మంది పోగైనాకే కొత్త సీసా తెరిచేవారు. మా జట్టులో తొమ్మండుగురమే ఉన్నాము. మేము ఎదురుచూస్తుండగా నర్సమ్మే పరదా తొలగించి బయటికి వచ్చి, హాలులో నీళ్ళ క్యాన్ దించి వెళ్ళిపోతున్న అబ్బాయిని, "ఏయ్ బాబూ, నీకు అయిందా?" అని పిలిచింది. స్లాట్ లేదని అతను అన్నాడు. "కార్డు ఉందా? ఉంటె రా" అని, ఆపరేటరుతో అక్కడికక్కడే అతని పేరు ఎక్కించింది. అతను తడిసిన చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి మా వరుస చివర నిలబడ్డాడు. ఆమె పేరు నాకు తెలియదు. కంఠం మాత్రం ఇప్పటికీ గుర్తుపట్టగలను.

నా వంతు వచ్చినప్పుడు నర్సమ్మ సీసాను వెలుగుకు ఎత్తి చూసి, సిరంజిలోకి అర మిల్లీలీటరు తీసుకుని, "చెయ్యి వదులుగా పెట్టమ్మా" అన్నది. సూది దిగినట్టు కూడా తెలియలేదు. ఇంత చిన్నదా అనుకున్నాను. ఆ అర మిల్లీలీటరు కోసం ఇన్ని రాత్రులు. అది అందక... ఆపైన తలపోయలేకపోయాను. పొడి దూదిని భుజానికి నొక్కిపట్టుకుని పక్కకు వచ్చాను. మరదలు సూది వేయించుకుంటున్నప్పుడు పిల్లవాడు తనకే వేస్తున్నారనుకుని గట్టిగా ఏడ్చాడు. నర్సమ్మ వాడి బుగ్గ నిమిరి, "నీకు గాదు నానా, అమ్మకు" అన్నది.

అరగంట కూర్చున్నాము. కుర్చీల మధ్య దూరం ఉంది కనుక మరదలు నాకు చెయ్యి అందనంత ఎడంగా కూర్చుంది. పిల్లవాడు నిద్రపోయాడు. బయట ఆటోలో తమ్ముడి స్నేహితుడు, వేడి గాలి తగలకుండా తువ్వాలు నెత్తికి చుట్టుకుని, మా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఏప్రిల్‌లో తమ్ముడు తన అమ్మానాన్నల కోసం కూర్చున్నదీ అచ్చం అలాగేనని మరదలు నాతో ఆ తరువాత ఎన్నో నెలలకు చెప్పింది.

*

ఆ రాత్రి మరదలు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరికీ జ్వరం వచ్చింది. పారాసెటమాల్ వేసుకుని, నొప్పి పెట్టే ఎడమ చెయ్యి పైకి ఉండేలా కుడివైపుకు ఒత్తిగిలి, ఒకే చాప మీద పడుకున్నాము. ఆమె ఒళ్ళు వేడిగా ఉండటం చూసి నాకు ఒక్కసారి గుండె ఆగినంత పని అయింది. జ్వరం అంటేనే భయపడే రోజులు అవి. లేచి మూడుసార్లు ఆమె ఊపిరి లెక్కపెట్టాను. తెల్లవారుజామున ఆమె, నిద్రపోతున్నదని నేను అనుకున్న ఆమె, "మంచిగనే ఉన్న వదినా, పండుకో" అన్నది.

84 రోజుల తరువాత, బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా, అదే హాలులో రెండో డోసు వేయించుకున్నాము. అప్పటికి వరుసలు లేవు. స్లాట్ కూడా అవసరం లేదు. మొదటిసారి చూసిన నర్సమ్మ ఆ రోజు అక్కడ లేదు. చిన్నమ్మా చిన్నాయనల రెండో డోసు మాత్రం ఆలస్యంగా, నేను వెంటపడితే అయింది. అక్టోబర్ 21న దేశంలో 100 కోట్ల డోసులు పూర్తయ్యాయని టీవీలో చూపించారు. చిన్నాయన ఆ అంకెను కన్నార్పకుండా చూసి, టీవీ కట్టేయకుండానే లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

నా పేరు, మా వారి పేరు, మరదలి పేరు పక్కన 'వాక్సినేటెడ్' అన్న మాట చేరింది. సర్టిఫికెట్లు దించుకోవడానికి తెరిచిన రోజున నాలుగు పేర్లూ కనిపించేలా ఫోన్ తెరను ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

*

మొన్న మేనల్లుడి అరగంట ముగిసి ఇంటికి తీసుకువచ్చాక, సాయంత్రం దుకాణం నుండి మరదలు నేరుగా మా ఇంటికి వచ్చింది. వాడు సూది పొడిచిన చోటు చూపించి, తాను ఏడవలేదని చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. టీ తాగుతూ, ఆ హాలూ ఆ నర్సమ్మా గుర్తొచ్చారని ఆమెతో అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "ఆ నాలుగు పేర్లది నీ ఫోన్ల ఇంకా ఉన్నదా వదినా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి అడగడం.

ఫోన్ మారినా ఆ ఫొటో ఉంది. వెతికి తీసి ఆమెకు ఇచ్చాను. ఆమె రెండు వేళ్ళతో దానిని పెద్దది చేసుకుని చివరి పేరు దగ్గర ఆగింది. పిల్లవాడు తల్లి భుజం మీదుగా తొంగిచూశాడు. వాడికి అక్షరాలు ఇంకా పూర్తిగా రాలేదు కాని అంకెలు వచ్చు. తెర మీద వేలు పెట్టి, "వన్, నైన్, నైన్, ఫోర్" అని చదివి, సరిగ్గా చదివానా అన్నట్టు మా ఇద్దరి వంకా చూశాడు.

"మంచిగ చదివినవ్" అని మరదలు ఫోన్ నాకు తిరిగి ఇచ్చి, వాడి ఎడమ చెయ్యి తాకి చూసి, ఒళ్ళు వెచ్చబడుతున్నదనీ, రాత్రికి సిరప్ ఎంత పోయాలనీ నన్ను అడిగింది.